సైకిల్ కోసం వేయని రోడ్లు: ఫ్రాన్స్ కొండపల్లెల్లో ఆ ఖాళీ ఎక్కడి నుంచి వచ్చింది?

నైరుతి ఫ్రాన్స్‌లో లోట్ అనే జిల్లా ఉంది. ఫ్రెంచివాళ్లు డిపార్ట్‌మెంట్ అంటారు. వైశాల్యం 5,200 చదరపు కిలోమీటర్లు, జనాభా లక్షా 75 వేలకు కాస్త అటూ ఇటూ. చదరపు కిలోమీటరుకు 34 మంది లెక్క. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో అయినా ఆంధ్రలో అయినా ఈ అంకె 300 పైనే. ఇంత పలచగా జనం ఉన్న చోట ఒక పెద్ద రోడ్డు, దాన్నుంచి చీలిన నాలుగు మట్టిబాటలు ఉంటాయని అనుకుంటాం. అక్కడ మూడిళ్ల పల్లెకు కూడా తారు రోడ్డు ఉంటుంది. చాలాచోట్ల రెండు మూడు వైపుల నుంచి ఉంటుంది. ఆ రోడ్డు మీద గుంతలు తక్కువ, బండ్లు ఇంకా తక్కువ.

రోడ్ సైకిళ్లు తొక్కేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి రావడానికి కారణం ఇదే. లోట్, దాన్ని ఆనుకుని ఉన్న దోర్‌దోన్ జిల్లా కలిస్తే పాత పేర్లలో కేర్సీ, పెరిగోర్ సీమలు. అటు కోటలు, ఇటు గుహలు, మధ్యలో చిన్న చిన్న కొండలు. టూరిజం బ్రోచర్లు దీన్ని ప్రకృతి ఇచ్చిన వరంలా చూపిస్తాయి. కాస్త ఆలోచిస్తే ఇందులో ఒక చిక్కుముడి కనిపిస్తుంది. మామూలుగా రోడ్డు బాగుంటే బండ్లు వస్తాయి. బండ్లు రాని రోడ్డును ఎవరూ పట్టించుకోరు, అది పాడవుతుంది. పాత కట్టడాలు ఉన్న చోట జనం మూగుతారు. మంచి రోడ్డు, ఖాళీ రోడ్డు, ఆ రోడ్డు పక్కనే ఏడెనిమిది వందల ఏళ్ల ఊరు ఒకే చోట దొరకడం విచిత్రమే. దాని వెనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు చరిత్రలు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా సైకిల్ తొక్కేవాళ్లను దృష్టిలో పెట్టుకుని జరిగింది కాదు.

వెట్టి నుంచి కంకర దాకా

రోడ్ల కథ లోట్‌కు ఉత్తరాన ఉన్న లిమోజ్ నుంచి మొదలుపెట్టాలి. 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో రాజమార్గాలు వేసింది రైతులే, అదీ కూలీ లేకుండా. కోర్వే అనే వెట్టిచాకిరీ కింద ఏడాదికి కొన్ని రోజులు ఊళ్లో మనుషులు, పశువులు, బండ్లు రోడ్డు పనికి పోవలసిందే. 1761లో రాజు తరఫు పాలనాధికారిగా లిమోజ్‌కు వచ్చిన త్యూర్గో ఆ వెట్టిని తీసేసి, బదులుగా పన్ను వేసి, ఆ డబ్బుతో కూలి ఇచ్చి పని చేయించాడు. ఆయన కింద పనిచేసిన ఇంజినీరు పియేర్ త్రెజాగే రోడ్డు వేసే పద్ధతినే మార్చాడు. అడుగున పెద్ద రాళ్లను నిలబెట్టి పేర్చడం, వాటిపైన చిన్న రాళ్లు, ఆ పైన గట్టి కంకర. రోడ్డు మందం తగ్గింది, ఖర్చూ తగ్గింది.

త్రెజాగే రెండో ఆలోచన నాకు ఇంకా పెద్దదనిపిస్తుంది. రోడ్డు పాడయ్యాక ఊరంతా కదిలివచ్చి బాగుచేసే బదులు, కొంత దూరానికి ఒక మనిషిని జీతం మీద పెట్టి, నీళ్లు నిలవకుండా, గుంత పడగానే పూడ్చేలా ఏడాది పొడవునా చూడమన్నాడు. ఆ మనిషికి కాంతోనియే అని పేరు. ఇప్పటికీ చాలా ఫ్రెంచి పల్లెల్లో కాంతోనియే ఉంటాడు. గట్ల మీద గడ్డి కోసేది, కాలువలు తీసేది, గుంతలు పూడ్చేది అతనే.

కానీ ఇవి పట్నాల్ని కలిపే పెద్ద రోడ్లు. పల్లె నుంచి పల్లెకు రోడ్డు వేసింది 1836 మే 21న వచ్చిన చట్టం. ఊరి రోడ్లను చూసుకోవడం ప్రతి కమ్యూన్‌కూ తప్పనిసరి అయింది. కమ్యూన్ అంటే సుమారుగా మన పంచాయతీ. డబ్బు లేకపోతే ఊళ్లో పనిచేయగల ప్రతి మగవాడి దగ్గరా, బండి ఉంటే బండితో సహా, ఏడాదికి మూడు రోజుల పని తీసుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. పని చేయలేనివాళ్లు డబ్బు కట్టొచ్చు. వెట్టి దొడ్డిదారిన తిరిగొచ్చిందని తిట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు. అయితే ఈసారి వేసిన రోడ్డు రాజుగారి బగ్గీకి పనికొచ్చేది కాదు, సొంత ఊరి సంతకు పోయేది.

ఫలితం ఇప్పుడు అంకెల్లో కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో మొత్తం రోడ్లు దాదాపు 11 లక్షల కిలోమీటర్లు. అందులో మోటార్‌వేలు 12 వేల కిలోమీటర్లే. జిల్లాల చేతిలో ఉన్నవి సుమారు 3 లక్షల 80 వేలు, కమ్యూన్ల చేతిలో ఉన్నవి దాదాపు 7 లక్షలు. కమ్యూన్లేమో సుమారు 35 వేలు, ఒక్క లోట్‌లోనే 300 పైచిలుకు. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపితే ఎంతో, దానికి దాదాపు రెట్టింపు విస్తీర్ణమున్న దేశంలో ఇది. రెండు వందల మంది ఉన్న ఊరికి కూడా మేయర్ ఉంటాడు. తన ఊరి రోడ్డు పక్క ఊరి రోడ్డుకంటే అధ్వానంగా ఉంటే వచ్చే ఎన్నికల్లో ఓటర్లు అడుగుతారని అతనికి తెలుసు.

సైకిల్‌కు పనికొచ్చిన ఇంకో సంగతి, ఆ కాలపు రోడ్లన్నీ బండి లాగే పశువుల ఊపిరిని బట్టి గీసినవి. కొండ ఎక్కాలంటే ఒకేసారి నిటారుగా ఎక్కకుండా మలుపులు తిప్పుకుంటూ ఐదారు శాతం వాలుతో వెళ్తాయి. గుర్రానికి అందిన వాలు మనిషి కాళ్లకూ అందింది. దీనికంటే పాత బాటలూ ఉన్నాయి. నడిచేవాళ్లు, కంచర గాడిదలు పోయినవి, నేరుగా గుట్ట మీదికి పోయేవి. కొన్నింటికి తర్వాత తారు పోశారు. 12, 14 శాతం వాలు తగిలేది వాటి మీదే.

జనం వెళ్లిపోయారు, రోడ్డు మిగిలింది

ఈ రోడ్లు వేసినప్పుడు పల్లెలు జనంతో కిటకిటలాడుతున్నాయి. 1851లో లోట్ జనాభా 2 లక్షల 96 వేలు. వందేళ్లు దాటేసరికి, 1960ల ప్రారంభంలో, లక్షన్నర. సగం ఖాళీ అయింది.

మొదటి దెబ్బ ద్రాక్షకు తగిలింది. కావోర్ పట్నం చుట్టూ నల్లటి వైన్‌కు పేరుపడ్డ తోటలుండేవి. అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే వేరు పురుగు 1870లు, 80లలో ఆ తోటల్ని తుడిచిపెట్టింది. సున్నపురాయి నేల మీద ద్రాక్ష పోతే ఇంకేం పండుతుంది? జనం పారిస్‌కు, బోర్డోకు, కొందరు సముద్రాలు దాటి వెళ్లిపోయారు. ఆ పాత వైపరీత్యం గుర్తులు ఇప్పటికీ రోడ్డు పక్కన కనిపిస్తాయి. పొదల మధ్యలో ఎవరికీ అక్కర్లేని రాతి గోడలు, గొర్రెల కాపరులో ద్రాక్ష రైతులో తలదాచుకున్న రాతి గుడిసెలు. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. పొలంలో రాళ్లు ఏరి పారేయడానికి చోటు లేక వాటితోనే గోడ కట్టుకున్నారు.

రెండో దెబ్బ 1914-18 యుద్ధం. ఫ్రాన్స్ దాదాపు 14 లక్షల మంది సైనికుల్ని పోగొట్టుకుంది. ఎంత చిన్న ఊరిలోనైనా చర్చి ముందో, మేయర్ కార్యాలయం ముందో చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన స్తంభం ఉంటుంది. ఇప్పుడు ఊళ్లో ఉన్న కుటుంబాల సంఖ్యను, ఆ రాతి మీది పేర్లను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ఇంటిపేరు మూడు సార్లు కనిపిస్తే ఇక లెక్కలు అక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్రాక్టరు వచ్చింది, పదిమంది చేసే పని ఒకరు చేశారు, మిగిలినవాళ్లు తూలూజ్‌కు పోయారు.

జనం పోయినా కమ్యూన్ పోలేదు. చాలా దేశాల్లో చిన్న పంచాయతీల్ని కలిపేసి ఖర్చు తగ్గించుకున్నారు, ఫ్రాన్స్ మొండిగా అట్టే పెట్టుకుంది. పరిపాలన శాస్త్రం చదివినవాళ్లకు ఇది దుబారా. సైకిల్ తొక్కేవాళ్లకు ఇది లాభం: మూడు లక్షల మంది కోసం వేసిన రోడ్ల వలను ఇప్పుడు లక్షా 75 వేల మంది వాడుకుంటున్నారు, చూసుకునే యంత్రాంగం మాత్రం చెక్కుచెదరలేదు.

లారీలు ఎటు పోయాయి?

పారిస్ నుంచి తూలూజ్ మీదుగా స్పెయిన్ పోయే పాత జాతీయ రహదారి ఎన్20. ఒకప్పుడు లారీలన్నీ దాని మీదే, ఊళ్ల మధ్య నుంచే పోయేవి. లోట్ గుండా ఏ20 మోటార్‌వే 2003 నాటికి పూర్తయింది. పడమటి నుంచి తూర్పుకు పోయేవాటిని ఏ89 లాక్కుంది. 2004 నాటి చట్టంతో ప్రభుత్వం దాదాపు 18 వేల కిలోమీటర్ల జాతీయ రహదారుల్ని జిల్లాలకు అప్పజెప్పింది. లోట్‌లో ఎన్20 పేరు డి820గా మారిపోయింది. డి అంటే జిల్లా రోడ్డు.

కొత్తగా వచ్చేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. ఫ్రాన్స్‌లో తిరిగినవాళ్లు ఒక సులువైన సూత్రం చెబుతారు: డి తర్వాత అంకెలు ఎక్కువున్న కొద్దీ రోడ్డు చిన్నది, ప్రశాంతమైనది. డి2 కంటే డి40, దానికంటే డి197. చాలావరకు నిజమే. కానీ డి820, దోర్‌దోన్‌లో డి6089 లాంటివి చూడ్డానికి మారుమూల రోడ్ల నంబర్లలా ఉన్నా, అసలుకి పేరు మార్చుకున్న పాత జాతీయ రహదారులు. ఎనిమిది వందలతోనో ఆరు వేలతోనో మొదలయ్యే నంబరు కనిపిస్తే అనుమానించాలి. పైగా ఈ నంబర్లు ఏ జిల్లాకు ఆ జిల్లావి. సరిహద్దు దాటగానే అదే రోడ్డుకు వేరే నంబరు రావచ్చు.

అందుకే నంబరు కంటే కాగితం మ్యాపు నమ్మదగినది. మిషెలిన్ మ్యాపుల్లో ఎర్ర గీత పెద్ద రోడ్డు, పసుపు గీత మధ్యరకం, తెల్లది చిన్నది. అంచున ఆకుపచ్చ గీత ఉంటే దారి అందంగా ఉంటుందని అర్థం. రోడ్డు మీద బాణం గుర్తు ఒకటుంటే వాలు 5 నుంచి 9 శాతం, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే అంతకు పైన. బాణం కొస ఎక్కే వైపు చూపిస్తుంది. టైర్ల కంపెనీ కారువాళ్ల కోసం వేసిన మ్యాపు ఇది. ఆకుపచ్చ అంచు, తెల్ల గీత, ఒకే బాణం. ఈ మూడూ కలిసిన చోట వేలు పెడితే సాధారణంగా మంచి సైకిల్ దారి దొరుకుతుంది.

అన్నిటికీ మూలం ఒక్క రాయి

ఇక్కడి కొండలు ఆల్ప్స్ లాంటివి కావు. అసలు వీటిని కొండలనడం కంటే, కోతపడ్డ పీఠభూమి అనడం సరైనది. కోస్ అని పిలిచే సున్నపురాయి పీఠభూములు మూడు నాలుగు వందల మీటర్ల ఎత్తులో పరుచుకుని ఉంటాయి. వాటిని లోట్, సెలె, దోర్‌దోన్, వెజేర్ నదులు లోతుగా కోసుకుంటూ పోయాయి. కాబట్టి సైకిల్ దారి ఇలా నడుస్తుంది: నది పక్కన చదునుగా కొంతసేపు, తర్వాత మూడు నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు, పైన గాలి తగిలే రాళ్ల మైదానం, మళ్లీ మలుపుల దిగుడు, ఇంకో నది. ఏ ఒక్క ఎక్కుడూ భయపెట్టదు. రోజు ముగిసేసరికి మాత్రం 80 కిలోమీటర్లకు వెయ్యి మీటర్లకు పైగా ఎక్కేసి ఉంటారు. ఆల్ప్స్‌లో ఒకే కనుమను గంటన్నర ఎక్కితే వచ్చే అలసట వేరు, ఇక్కడ పదిసార్లు గేర్లు మార్చుకుంటూ తెచ్చుకునే అలసట వేరు.

పోటీల్లో తొక్కేవాళ్లకూ ఈ నేల పరీక్షే. 2022 టూర్ డి ఫ్రాన్స్‌లో చివరి టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే పందెం, లకపెల్-మరివాల్ నుంచి రొకమదూర్ వరకు, 40.7 కిలోమీటర్లు, ఇక్కడే జరిగింది. వౌట్ వాన్ ఆర్ట్ గెలిచాడు. ముగింపు ముందు రొకమదూర్ ఎదురుగుట్ట మీది ల'ఒస్పితాలే ఎక్కుడు పెట్టారు. కిలోమీటరున్నర పొడవు, సగటున 7.8 శాతం. మనం అదే రోడ్డు మీద మెల్లగా ఎక్కితే, ఎదురుగా లోయ గోడకు అతుక్కుని ఉన్న రొకమదూర్ అంచెలంచెలుగా కనిపిస్తుంది. కింద ఒకే వీధి, దాని మీద గుళ్లు, ఆ పైన కోట. మధ్యయుగంలో యూరప్ నలుమూలల నుంచి యాత్రికులు వచ్చిన క్షేత్రం. గుళ్ల దాకా 216 మెట్లు. భక్తులు మోకాళ్ల మీద ఎక్కిన మెట్లు అవి. సైకిల్ బూట్లతో ఎక్కడం కూడా ఒక తపస్సే.

ఒక్క రోజే ఉంటే మాత్రం నేను రొకమదూర్ కంటే సెలె లోయకే ఓటేస్తాను. కావోర్ నుంచి లోట్ నది వెంట తూర్పుకు వచ్చి, బూజియెస్ దగ్గర నది దాటి, డి40 మీద సేన్-సీర్-లపొపీ ఎక్కాలి. రోడ్డు ఇరుకు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. నదికి వంద మీటర్ల పైన వేలాడుతున్నట్టుండే ఈ ఊరిని చూసి 1950లో కవి ఆంద్రే బ్రెతోఁ ఇంకెక్కడా ఉండాలనిపించడం లేదన్నాడట. మరుసటి ఏడాది ఇల్లు కొనుక్కున్నాడు. మళ్లీ కిందికి దిగి డి41 పట్టుకుంటే ఫిజాక్ దాకా సెలె నది తోడు వస్తుంది. రోడ్డు కొన్నిచోట్ల రాతి గోడ కిందికి దూరిపోతుంది. మార్సియాక్‌లో పైకప్పు కూలిన పాత మఠం ఉంది. రొకమదూర్ మాదంటే మాదని ఒకప్పుడు తూల్ మఠంతో తగాదా పడి ఓడిపోయింది ఈ మఠమే. ఓడిపోవడం వల్లే ఈ ఊరికి టూరిస్టు బస్సులు రావు.

ఈ లోయ మొదట్లోనే, కాబ్రరే ఊరి పైన పెష్ మెర్ల్ గుహ. 1922లో ఇద్దరు కుర్రాళ్లు కనిపెట్టారు. లోపల గోడ మీద చుక్కల గుర్రాలు, వాటి చుట్టూ చేతి ముద్రలు, పాతికవేల ఏళ్లకు పైబడినవి. చుక్కలు కేవలం ఊహ అనీ, ఏదో మంత్రతంత్రాల గుర్తులనీ చాలాకాలం వాదించుకున్నారు. 2011లో పాత గుర్రాల ఎముకల డీఎన్ఏ పరీక్షిస్తే, ఆ కాలంలో నిజంగానే చుక్కల గుర్రాలు ఉండేవని తేలింది. గీసినవాడు చూసిందే గీశాడు.

గుహలు ఉండటానికీ, లోయ గోడలు నిలువుగా ఉండటానికీ, ఎక్కుడు దిగుళ్లకూ కారణం ఒకటే, నీటికి కరిగే సున్నపురాయి. గుహలున్నాయి కాబట్టి ఆదిమానవుడు ఉన్నాడు. నిలువు గోడలున్నాయి కాబట్టి తర్వాత వచ్చిన ప్రభువులు వాటి కొసల మీద కోటలు కట్టారు. వెజేర్ లోయలో 1940 సెప్టెంబర్‌లో నలుగురు కుర్రాళ్లు కనిపెట్టిన లస్కో గుహ కూడా ఈ రాతిలోనిదే. చూడ్డానికి వచ్చినవాళ్ల ఊపిరికే బొమ్మల మీద నాచు పట్టడంతో 1963లో దాన్ని మూసేశారు. ఇప్పుడు చూపించేది నకలు.

సరిహద్దు కోటలు, గళ్ల ఊళ్లు

కోటలు ఇన్ని ఎందుకంటే, ఈ సీమ మూడు వందల ఏళ్లు సరిహద్దులో నలిగింది. 1152లో అక్వితేన్ రాణి ఎలియనోర్ రెండో పెళ్లి చేసుకున్న హెన్రీ, రెండేళ్లకు ఇంగ్లండ్ రాజయ్యాడు. ఆమె పుట్టింటి భూములు అలా ఇంగ్లీషు రాజుల చేతికి వెళ్లాయి. ఎంత భూమి ఎవరిదన్న గొడవ ఒప్పందాలతో, యుద్ధాలతో సాగి సాగి, 1453లో దోర్‌దోన్ నది దిగువన కాస్తియోఁ యుద్ధంతో ఫ్రెంచివాళ్ల గెలుపుగా ముగిసింది. నూరేళ్ల యుద్ధంలో దోర్‌దోన్ నదికి ఒక గట్టు మీద ఫ్రెంచి పక్షపు బేనాక్ కోట, అవతల గట్టున చాలాకాలం ఇంగ్లీషు పక్షంలో ఉన్న కాస్తెల్నో కోట. రెండూ ఇప్పటికీ ఒకదానినొకటి గుర్రుగా చూసుకుంటున్నాయి. ఓడిపోయిన ఇంగ్లీషువాళ్లు 20వ శతాబ్దంలో తిరిగొచ్చి, ఈసారి పౌండ్లిచ్చి పాత ఇళ్లు కొనుక్కున్నారు. దోర్‌దోన్ సంతలో ఇంగ్లీషు వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

రెండు పక్షాలూ కోటలతో పాటు ఊళ్లనూ ఆయుధాల్లా వాడుకున్నాయి. 13వ శతాబ్దంలో కొత్తగా కట్టిన ఈ ఊళ్లను బస్తీద్ అంటారు. గళ్లు గీసినట్టు వీధులు, నడిమధ్యలో చుట్టూ కమానులున్న చౌరస్తా, కప్పు వేసిన సంత. జనాన్ని రప్పించడానికి పన్నుల మినహాయింపులు, స్థలాలు ఇచ్చేవారు. ఫ్రాన్స్ రాజు మూడో ఫిలిప్ 1281లో దొమ్ కట్టిస్తే, ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1284లో మోంపాజియే కట్టించాడు. సైకిల్ దిగి నీడలో కాఫీ తాగడానికి మోంపాజియే చౌరస్తాను మించినది తక్కువ. దొమ్ గుట్ట మీద ఉంది, కాఫీ సంపాదించుకోవాలి.

ఇవన్నీ ఇంతకాలం నిలవడానికి మొదటి కారణం పేదరికం. కూల్చి కొత్తది కట్టేంత డబ్బు ఎవరి దగ్గరా లేదు. తర్వాత చట్టాలు వచ్చి ఆ స్థితిని అలాగే బిగించేశాయి. చారిత్రక కట్టడాలను చూసుకునే పదవి 1830లో పుట్టింది. 1834 నుంచి రచయిత ప్రోస్పేర్ మెరిమే ఆ పదవిలో దేశమంతా తిరిగాడు. 1943 నాటి చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 500 మీటర్ల లోపు, దానితో కలిసి కనిపించే ఏ ఇల్లు మార్చాలన్నా ప్రభుత్వ ఆర్కిటెక్టు చూసి సరేననాలి. 1962లో మంత్రి ఆంద్రే మల్రో తెచ్చిన చట్టం మొత్తం పాత పేటల్నే కాపాడటం మొదలుపెట్టింది. మొదట ప్రయోగించిన పట్నాల్లో దోర్‌దోన్‌లోని సర్లా ఒకటి. తర్వాతి ఏడాది లస్కో మూయించిందీ ఆయనే. ఊరి బయట ప్రకటనల హోర్డింగులు ఉండకూడదన్న నిబంధన 1979 చట్టంలో ఉంది. దారి పొడవునా ఎందుకంత హాయిగా ఉందో అర్థం కాక తలపట్టుకునేవాళ్లు దీన్ని గుర్తించరు. కళ్ల ముందు రియల్ ఎస్టేట్ బోర్డు ఒక్కటీ లేదు, అందుకు.

చట్టం రోడ్డునూ అడ్డుకోగలదు. బేనాక్ ఊరి గుండా పోయే ట్రాఫిక్‌ను తప్పించడానికి జిల్లా యంత్రాంగం బైపాస్ మొదలుపెట్టింది. నదిలో స్తంభాలు కూడా లేచాక, 2018 చివర్లో దేశ అత్యున్నత పాలనా న్యాయస్థానం పని ఆపించింది. కోటల లోయ అందం, జీవజాతులు ఒక వైపు, వేసవిలో ఊరి ఇరుకు రోడ్డులో ఇరుక్కున్న కార్లు ఇంకో వైపు. సైకిల్ తొక్కేవాళ్లకు ఇందులో నేర్చుకునే సంగతి చిన్నదే: జూలై, ఆగస్టుల్లో నది వెంట పోయే డి703 వదిలేసి గుట్టల మీది దారి పట్టండి.

వెలోసియో గేరు, హైదరాబాద్ బ్రెవే

ఈ రోడ్ల మీద సైకిల్ ఊళ్లు చూడటానికి పనికొస్తుందని మొదట గట్టిగా వాదించినవాళ్లలో సేంత్-ఎతియెన్‌కు చెందిన పాల్ ద వివీ ఒకడు. వెలోసియో అనే కలం పేరుతో 1887 నుంచి పత్రిక నడిపాడు. గేర్లు మార్చుకునే సైకిల్ ఉంటేనే మామూలు మనిషి కొండలు ఎక్కగలడని చెప్పాడు. టూర్ డి ఫ్రాన్స్ నిర్వాహకులు మాత్రం గేర్లు వాడితే మొనగాడితనం తగ్గుతుందని పట్టుబట్టి, 1937 దాకా గేర్లు మార్చే డిరెయిలర్‌ను రానివ్వలేదు. పందెం ఒక దారి, పర్యటన ఒక దారి అయ్యాయి. 1923లో పుట్టిన సైకిల్ పర్యటనల సమాఖ్య రెండో దారిది. ప్రతి జిల్లాలో చూడదగ్గ ఆరు చోట్లు ఎంచి, అక్కడి బేకరీలోనో బార్‌లోనో కార్డు మీద ముద్ర వేయించుకునే పద్ధతి పెట్టింది. గడువు లేదు, కొందరు జీవితమంతా తీసుకుంటారు.

ఆ ముద్రల కార్డు హైదరాబాద్ సైక్లిస్టులకు కొత్తేం కాదు. 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సవారీలు, తొక్కేవాళ్లు టీ కొట్టు దగ్గరో పెట్రోల్ బంకులోనో సంతకం వేయించుకునే కార్డు ఈ ఫ్రెంచి సంప్రదాయానికి చెందినదే. నాలుగేళ్లకోసారి జరిగే 1,200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు అర్హత ఆ బ్రెవేలతోనే వస్తుంది. ఇటీవలి సార్లు మన దేశం నుంచి వందలమంది వెళ్లారు, తెలుగువాళ్లూ ఉన్నారు. అది నడిచేది వాయవ్య ఫ్రాన్స్‌లో. అక్కడా పెద్ద కొండ లేదు, ఎక్కింది కూడితే మాత్రం పదివేల మీటర్లు దాటుతుంది. రోడ్ల చరిత్ర, ఖాళీ అయిన పల్లెలు అక్కడా ఇవే. తొంభై గంటల గడువులో పరుగెత్తేవాడికి అవి చూసే తీరిక ఉండదు, అది వేరే సంగతి.

ఖాళీకి ధర ఎవరు కట్టారు

ఇక్కడ ఉండేవాళ్లకు ఈ ఖాళీ అంత ముచ్చటైనది కాదు. బడి మూతపడి, బేకరీ మూతపడి, డాక్టరు రిటైరయ్యాక కొత్తవాడు రాక, ప్రతి పనికీ కారు తీయాలి. 2018 జూలై 1 నుంచి మధ్యలో డివైడర్ లేని రోడ్ల మీద వేగపరిమితి 90 నుంచి 80కి తగ్గించారు. పారిస్‌లో అది ప్రాణాలు కాపాడే నిర్ణయంగా కనిపించింది. పల్లెల్లో, రోజూ కారు తప్ప దిక్కులేనివాళ్ల మీద ఇంకో జులుంగా కనిపించింది. అదే ఏడాది నవంబర్‌లో డీజిల్ పన్ను మీద పసుపు జాకెట్ల ఉద్యమం లేచినప్పుడు దేశమంతా రోడ్ల పక్కన స్పీడ్ కెమెరాల్ని పగలగొట్టారు, మసి పూశారు. చివరికి 2019 డిసెంబర్‌లో వచ్చిన చట్టంతో కావాలంటే తిరిగి 90 పెట్టుకునే హక్కు జిల్లాలకు దక్కింది. సైకిల్ తొక్కేవాడిగా నా ఓటు 80కే. కానీ ఆ రోడ్డు మీద ఆసుపత్రికి 40 కిలోమీటర్లు పోవలసినవాడు నా ఓటు అడగడు, అడగనక్కర్లేదు కూడా.

ఇవన్నీ తెలిస్తే దారిలో పనికొచ్చే జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి. కమ్యూన్లు, జిల్లాలు తక్కువ ఖర్చులో రోడ్డు నిలబెట్టడానికి వేసవిలో తారు చల్లి దాని మీద చిన్న కంకర పోస్తాయి. తర్వాత కార్లే దాన్ని అదుముతాయి. గ్రావియోఁ అని రాసిన బోర్డు కనిపిస్తే వదులు కంకర ఉందని అర్థం. దిగుడులో అది చూసి కూడా బ్రేకు మలుపులోనే వేసేవాళ్ల మోచేతులే సాక్ష్యం చెబుతాయి. మామూలు రోజుల్లోనూ ఆ గరుకు తెలుస్తుంది, 28 మిల్లీమీటర్లకు తక్కువ టైరు వద్దు. ఊరి పేరున్న ఎర్ర అంచు బోర్డు దాటాక, వేరే గుర్తు లేకపోతే వేగపరిమితి 50. బోర్డు లేని చౌరస్తాలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే ముందు హక్కు, అది ఎంత చిన్న సందైనా సరే. ఎడమవైపు నడిపే అలవాటున్న మనకు ఇది రెండింతలు ప్రమాదం. మలుపు తిరిగాక మన చెయ్యి మనల్ని తెలియకుండా ఎడమకే లాగుతుంది. ఊరి బయట సైకిల్‌ను దాటే కారు మీటరున్నర దూరం వదలాలని చట్టం. చాలామంది పాటిస్తారు.

తిండి, నీళ్లే అసలు టెన్షన్. పన్నెండున్నర దాటితే కొట్లు మూతపడతాయి, మూడింటికో మూడున్నరకో తెరుస్తారు. సోమవారం చాలాచోట్ల అసలు తెరవరు. సేన్-సీర్ లాంటి ఊరు దాటాక ముప్పై కిలోమీటర్లు ఏమీ దొరక్కపోవచ్చు. నీళ్లకు ఫ్రెంచి సైక్లిస్టుల చిట్కా శ్మశానం. పూలకుండీలకు పోయడానికి అక్కడ కుళాయి ఉంటుంది, తాగొద్దని బోర్డు లేకపోతే సీసా నింపుకోవచ్చు. జనం వెళ్లిపోయినా సమాధులు ఉన్నాయి కాబట్టి కుళాయి పనిచేస్తూనే ఉంది.

వెళ్లడానికి మే, జూన్, సెప్టెంబర్ నెలలు నయం. పారిస్ ఆస్తెర్లిట్జ్ స్టేషన్ నుంచి తూలూజ్ పోయే పాత లైను సూయాక్, గుర్దోన్, కావోర్‌లలో ఆగుతుంది. దూరప్రయాణపు రైల్లో సైకిల్‌కు ముందే చోటు బుక్ చేసుకోవాలి. గుర్దోన్‌లో దిగితే స్టేషన్ బయట నుంచే మూడంకెల డి రోడ్లు మొదలవుతాయి.